తెల్లవారేసరికి సగం

స్వర్ణలతకు చిన్ననాడే పోలియో సోకి ఎడమకాలు సన్నబడిపోయింది. కుడికాలు రెండింటి పనీ తానే మోసి మోసి గట్టిపడింది. అందుచేత, క్లచ్చూ గేర్లూ లేకుండా కుడికాలితోనే నడిచే కారొకటి అమ్మకానికి వచ్చిందని తెలిసిన రోజున, నాచారం మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఆమె చేతిలోని గాజుగొట్టం పక్కన పెట్టి, ఎవరిదని అడిగింది.

ఆ కారు ఫణీంద్రది. అదే ఫ్యాక్టరీ పరిశోధన విభాగంలో పనిచేసిన గుంటూరు మనిషి. నగరానికి పడమటి కొసన కొత్త ఉద్యోగం దొరికి వెళ్లిపోతున్నాడు. కరెంటుతో నడిచే ఆ రెండు తలుపుల బుల్లి బండి అంత దూరం పోలేదు.

“ముందే చెప్తున్నానండీ, తర్వాత నన్ను తిట్టుకోకూడదు,” అన్నాడతను. “ఇది ఊరి పొలిమేర దాటదు. ఏసీ వేశారో, సగం దారిలో అలిగి కూర్చుంటుంది. వాన నీళ్లు నిలిచిన చోటికి తీసుకెళ్లకండి. రాత్రంతా మేత వేస్తేనే పొద్దున్న కదుల్తుంది, ఎద్దులాగా.”

“నాకేమన్న ఊర్లు ఏలేదున్నదా సార్?” అని స్వర్ణలత నవ్వింది. “ఇంటినుంచి గీడికి, గీడినుంచి ఇంటికి. సాలు.”

ఆ “చాలు”లో ఎంత ఉందో ఫణీంద్రకు తెలియదు. బస్సు మెట్టు ఆమెకు కొండ. షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుంటే, తాను దిగేందుకు నలుగురూ దిగాలి. ఆ నలుగురి ముఖాల్లోని విసుగును దిగిన ప్రతిసారీ చూడాలి. తమ్ముడు బాలరాజు కొంతకాలం మోటారు సైకిలు మీద దించాడు. అతనికి పెళ్లయి కరీంనగర్‌లో కాపురం పెట్టాక, ఎవరికి తీరికుంటే వారి వెనక కూర్చుని, వారు ఎప్పుడు బయలుదేరితే అప్పుడు వెళ్లింది. ఎవరూ లేనప్పుడు వెళ్లలేకపోయింది. నలభైకి చేరువవుతున్న ఆడమనిషి, ల్యాబులో పదిమంది సంతకాల మీద తన సంతకం పెట్టే మనిషి, సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి దారేపోయే ముఖాలు వెతుక్కునేది. కారు వచ్చాక ఆమె ఎవరి వెనకా కూర్చోలేదు. ఆమెకు కావలసిందల్లా ఆ ఒక్క సంగతి.

ఆమె ఉండేది చిల్కానగర్‌లో, మొగిలయ్య గారింటి వెనక పోర్షన్‌లో. మొగిలయ్య బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాట్లాడే మాటలన్నీ పేపరు చదువుతూ తనలో తాను అనుకునేవే. ఇంటి పెత్తనం ఆయన భార్య వెంకటనర్సమ్మది. స్వర్ణలత ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆమె స్వర్ణలతను బిడ్డా అని తప్ప పిలిచి ఎరుగదు. తొక్కు పెట్టినా, బక్ష్యాలు చేసినా ఒక గిన్నె వెనక పోర్షన్‌కు నడిచి వెళ్లేది. ఒకసారి స్వర్ణలత జ్వరంతో పడుకుంటే మూడు పూటలా జావ కాచి తాగించింది.

కారు ఇంటికి వచ్చిన రోజున దిష్టి తీసింది కూడా వెంకటనర్సమ్మే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, “సప్పుడు లేదు, పొగ లేదు, బంగారమసొంటి బండి,” అని వీధి వినేలా మెచ్చుకుంది.

ముందున్న పోర్టికోలో కారు నిలపడానికి చోటు దొరికింది. ప్లగ్గు పెట్టడానికి మాత్రం వెనక పోర్షన్ మీటరు నుంచి గోడ వెంబడి తీగ లాగి, పోర్టికో గోడకు పెద్ద సాకెట్టు ఒకటి బిగించవలసి వచ్చింది. ఆ పని చేసిన ఎలక్ట్రీషియన్ తన అలవాటు ప్రకారం, “మేడం, దీనికి తాళం పెట్టె బిగియ్యన్నా? వేరే వాళ్ల వాకిట్ల ఉంటది గదా,” అని అడిగాడు.

“ఛ! పెద్దమ్మ ఉండే ఇల్లు. ఆమె కండ్ల ముందల తాళమేసి, పొద్దున లేసి ఆమెకు మొఖమెట్ల సూపియ్యాలె?”

కిటికీలోంచి ఆ మాట విన్న వెంకటనర్సమ్మ మురిసిపోయింది. “అట్ల జెప్పు బిడ్డా!” అన్నది లోపలినుంచే.

తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టిన ఆ ఏడాది కొన్నాళ్లు బస్సులు రోడ్డెక్కలేదు. ఆటోలవాళ్లు నోటికొచ్చినంత అడిగారు. ఆ రోజుల్లో చిల్కానగర్ వీధిలోంచి స్వర్ణలత బుల్లి కారు చప్పుడు లేకుండా వెళ్తూంటే, డబ్బా కారని నవ్విన పిల్లలే పరుగెత్తి గేట్లు తీశారు. వెంకటనర్సమ్మ ముందు సీట్లో కూర్చుని రామంతాపూర్‌లో దవాఖానాకు వెళ్లి వచ్చి, తన పెద్దరికమంతా ఆ సీట్లోనే ఉన్నట్లు దిగింది.

ఆ తర్వాతి ఎండాకాలం నుంచి కథ మారింది.

కరెంటు కోతలు పెరిగాయి. పేపర్లో వేసిన వేళలు ఒకటి, తీసే వేళలు మరొకటి. అయినా రాత్రి భోజనాల వేళకు వచ్చిన కరెంటు తెల్లవారేదాకా దాదాపు ఉండేది. కారుకు అది సరిపోవాలి. స్వర్ణలత పడుకోబోయే ముందు కర్ర పట్టుకుని పోర్టికో దాకా వచ్చి, ప్లగ్గు బిగించి, చిన్న దీపం వెలిగిందో లేదో చూసి వెళ్లేది. తెల్లవారి వస్తే ప్లగ్గు పెట్టినచోటే ఉండేది. కారు లోపలి చార్జింగు ముల్లు మాత్రం సగం దగ్గరే నిలిచి ఉండేది.

మొదట ఆమె కోతలను అనుమానించింది. తర్వాత తనను తాను అనుమానించి, ఏసీ ముట్టుకోవడం మానేసింది. రోహిణీ కార్తెలో అద్దాలు దించుకుని, నాచారం గాలిలోని ఫ్యాక్టరీల ఘాటునంతా పీలుస్తూ వెళ్లింది. చివరికి బ్యాటరీలను అనుమానించింది. ప్లగ్గు పిన్నుల దగ్గర పొద్దుటిపూట తెల్లని పొడి అంటుకుని ఉండేది. బ్యాటరీలు ముసలివైతే తెల్లగా పొక్కుతాయని ఎక్కడో చదివి ఉన్నది గనుక, ఇదీ అటువంటి జబ్బే కాబోలనుకుని, రోజూ చేతిరుమాలుతో తుడిచి, కారెక్కేది. రసాయన శాస్త్రం చదివిన మనిషికి ఆ పొడిని ల్యాబుకు తీసుకుపోవాలని తోచలేదు. ఇంటి వాకిట్లో అంటిన పొడిని ఎవరు పరీక్షిస్తారు?

కంపెనీవాళ్ల సర్వీసు సెంటరు నగరానికి ఆ చివర ఉన్నది. అక్కడిదాకా వెళ్లేంత చార్జింగే ఉంటే ఆ కారును అక్కడికి తీసుకువెళ్లవలసిన అవసరమే ఉండదు. ఫోను చేస్తే ఆ చివరినుంచి ఒక కుర్రగొంతు, “రాత్రి ఎంతసేపు పెడుతున్నారు మేడమ్?” అని అడిగింది.

“రాత్రంతా.”

“రాత్రంతా పెట్టినా సగమే ఎక్కితే బ్యాటరీలు పోయినట్లే మేడమ్. కొత్త సెట్టు బెంగళూరు నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేం.”

కారు హబ్సిగూడ దగ్గర ఒకసారి, నాచారం చౌరస్తాలో రెండుసార్లు ఆగింది. పెట్రోలు అయిపోయిన వాడికి సీసాతో పెట్రోలు తెచ్చిచ్చే పుణ్యాత్ములుంటారు; కరెంటు అయిపోయిన దానికి ఎవరేం తెచ్చిస్తారు? వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి, “ఏందమ్మా, తాళంచెవి తిప్పుడు మర్చిపోయినవా? బొమ్మ కారా?” అని అరిచాడు. ఇద్దరు కార్మికులు నెట్టి పక్కకు పెట్టారు. ఆమె దిగి నిలబడలేక, కారులోనే కూర్చుని నెట్టించుకోవలసి వచ్చింది. ఆ కూర్చోవడం ఆమె మరిచిపోలేదు.

ల్యాబులో షిఫ్టు ఇన్‌చార్జి పదవి ఆమెకే వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులవి. మేనేజరు చిదంబరం ఆమెను పిలిచి, కుర్చీ చూపించి, మర్యాదగానే చెప్పాడు.

“మీ రిపోర్టుల మీద నాకు పూర్తి నమ్మకమమ్మా. మీ బండి మీదే లేదు. ఇన్‌చార్జి గేటు తెరిచేసరికి లోపల ఉండాలి. ఈసారికి సూర్యకళకు ఇస్తున్నాను. ఏమీ అనుకోవద్దు.”

ఆ సాయంత్రం ఆమె కారు దిగకుండా స్టీరింగు మీద తల పెట్టుకుని ఉంటే, వెంకటనర్సమ్మ బయటికి వచ్చి, తలుపు తెరిచి, కొంగుతో కళ్లు తుడిచింది. చాయ్ తెచ్చి చేతికిచ్చింది.

“ఏడువకు బిడ్డా. ఇది నీకు అచ్చిరాలే. అమ్మి పారెయ్. మా రంజిత్ ఉన్నడు గదా, రోజు బండి మీద దించుతడు. ఇంట్ల మొగపిలగాడుండంగ నీకేం ఫికర్?”

రంజిత్ ఆమె కొడుకు. ఉప్పల్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. మంచివాడే. పదింటికి గాని లేవడు. అతని వెనక కూర్చుని, అతను లేచినప్పుడు వెళ్లి, అతను వచ్చినప్పుడు రావడం. స్వర్ణలత చాయ్ సగంలోనే పక్కన పెట్టింది. అయినా ఆ ముసలామె చేతి వెచ్చదనం ఆ రోజుకు చాలా పెద్ద ఆసరా. “ఆలోచిస్త పెద్దమ్మా,” అన్నది.

ఆలోచించింది కూడా. కారు కొనేందుకు ఆదివారం ఒక మనిషిని వచ్చి చూడమని చెప్పింది. నడిపేందుకు కాదు, పాత ఇనుము కింద.

ఆ వారంలోనే ఫ్యాక్టరీలకు కరెంటు సెలవు దినాలు ప్రకటించారు. పోయిన రోజులకు బదులుగా మిగతా రోజుల్లో పని పొద్దున్నే మొదలుపెట్టాలన్నారు. శుక్రవారం స్వర్ణలత ఎప్పటికన్నా బాగా ముందే తయారై, తూర్పు తెలుపెక్కుతుండగా ఇంటి పక్క సందులోంచి పోర్టికో వైపు వచ్చింది. చెప్పులు రబ్బరువి, కర్ర చివరా రబ్బరే.

పోర్టికోలో ఆమె ప్లగ్గు కారు బానెట్ మీద పడి ఉంది. సాకెట్టులో మరొక ప్లగ్గు ఉంది. దాని నల్లని తీగ ముందు గది కిటికీ ఊచల మధ్యనుంచి లోపలికి పోతోంది. లోపల మొగిలయ్య గారి ఇన్వర్టరు గుమ్మని మూలుగుతోంది.

ఆమెకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే వెంకటనర్సమ్మ వాకిట్లో సాంపి నీళ్లు చల్లి, సగం వేసిన ముగ్గు విడిచి, పిండి గిన్నెతో పోర్టికోలోకి వచ్చింది. రోజూ చేసే పనిని మనసు పెట్టకుండా చేసినట్లు, ఎడమచేత్తో ఆ నల్ల ప్లగ్గు పీకింది. తీగ చుట్ట చుట్టి కిటికీలోంచి లోపలికి జారవిడిచింది. ముగ్గుపిండి అంటిన కుడిచేత్తో కారు ప్లగ్గు తీసి సాకెట్టులో దూర్చి, చిన్న దీపం వెలగడం వంగి చూసి తృప్తిపడింది.

ప్లగ్గు మీద తెల్లని వేలిముద్రలు పడ్డాయి.

“పెద్దమ్మా!”

వెంకటనర్సమ్మ ఉలిక్కిపడి తిరిగింది. “ఏందే, గింత పొద్దుగాల లేసినవ్? చాయ్ పెట్టాల్నా?”

“ఎన్నొద్దుల సంది?”

“ఏంది ఎన్నొద్దులు?”

“గీ ప్లగ్గు పీకుడు.”

“ఓ, అదా!” ఆమె చేతులు దులుపుకుంది. “మా దిక్కు లైను ఉన్నదా లేదా అన్నట్టుంటది బిడ్డా. ఫ్యాను రెక్కలు లెక్క పెట్టొచ్చు. ఇన్వర్టర్ ఎక్కనే ఎక్కది. మీ ఎనక లైను మంచిగుంటది. జర సేపు పెట్టుకున్నం. దానికింత మొఖం మాడ్చుకునుడెందుకు?”

“రాత్రంతా పెడితే జర సేపా?”

“నీ కారుకేం తక్కువ జేసిన? మల్ల పెడ్తనే ఉన్న గదా! అది ఎట్లనో దారిల ఆగుడే నాయె.”

“అది ఎందుకాగుతుందో నీకెరుకే గదా!” స్వర్ణలత గొంతు తనది కానట్లు పలికింది. “నేను ఏడ్చిన్నాడు కండ్లు తుడిచినవ్. చాయిచ్చినవ్. అమ్మేయ్‌మన్నవ్. అన్నీ ఎరికుండి... నన్నొక్క మాట అడిగితే ఒద్దంటుంటినా పెద్దమ్మా? ఒక పూట మీరు, ఒక పూట నేను పెట్టుకుంటుంటిమి గదా!”

అంతవరకూ తడబడుతున్న వెంకటనర్సమ్మ ముఖం, “అడిగితే” అన్న మాట దగ్గర ఒక్కసారిగా బిగుసుకుంది.

“అడుగుడా? మేం ఇల్లుగలోళ్లం. మా ఇంట్ల మేముండుకుంట, కిరాయికున్నదాని కాడికొచ్చి, అమ్మా జర కరెంటియ్యి అని చెయ్యి చాపాల్నా? గా రోజు ఇంకా రాలే!”

గుమ్మంలో మొగిలయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. “నేను చెప్పిన,” అన్నాడు నేలకేసి చూస్తూ. “అడుగరాదే అన్న. ఇనలే.”

ఆయనకూ తెలుసన్నమాట. తాను కారెక్కే వేళకు ప్రతి ఉదయం ఆయన పేపరు ముఖానికి అడ్డంగా లేవడం స్వర్ణలతకు ఇప్పుడు కనిపించింది.

దొంగతనం అనదలిచింది, కాని చెవిలో మిగిలింది మరొక మాట. జావ కాచి పోసింది కిరాయికున్నదానికి. దిష్టి తీసింది కిరాయికున్నదానికి. బిడ్డా అన్న ప్రతి పిలుపు వెనకా ఆ మాట, బియ్యంలో రాయిలా, ఎప్పుడూ ఉన్నదే. తాను తాళం వేయడానికి సిగ్గుపడింది. ఆమె అడగడానికి సిగ్గుపడింది. పీకడానికి మాత్రం సిగ్గుపడలేదు.

ఆదివారం వచ్చిన కొనుగోలుదారుణ్ణి స్వర్ణలత గేటు దగ్గరనుంచే పంపేసింది. కారు తప్పేమీ లేదని తేలింది కదా. ఇక రాత్రంతా మేత వేస్తే లేచి నడుస్తుంది. ప్లగ్గు జోలికి ఇప్పుడెవరూ రావడం లేదు. వెంకటనర్సమ్మ ముగ్గును పోర్టికోకు దూరంగా, గేటు బయటే ముగిస్తోంది. కొన్ని రాత్రులు నిండుగా గడిచాయి. ప్రతి ఉదయం ఆశతో తలుపు తెరిస్తే, ముల్లు సగం దాటి ఒక వెంట్రుకవాసి పైన నిలబడింది. అంతే.

మళ్లీ ఫోను చేసింది. జరిగిందంతా చెప్పకుండా, కొన్ని నెలలుగా చార్జింగు సరిగా ఎక్కలేదని మాత్రమే చెప్పింది.

“అదే మేడమ్, సగం నింపి, మొత్తం ఖాళీ చేసి, మళ్లీ సగం నింపి నడిపితే బ్యాటరీలు అట్లనే చచ్చిపోతాయి,” అన్నది ఆ కుర్రగొంతు. “ఇప్పుడు ఎంత పెట్టినా ఇంక అంతే ఎక్కుతుంది.”

లేని జబ్బును ఉన్నదని నమ్మిస్తూ నమ్మిస్తూ, నిజంగానే తెప్పించిందన్నమాట ఆ ముసలామె. బండి కూడా, తాను అంతగా నమ్మిన బండి కూడా, చివరికి ఆమె పక్షమే చేరింది.

అయితే సగమంటే సున్న కాదు. చిల్కానగర్ నుంచి నాచారం వెళ్లి రావడానికి, ఆగుతూ సాగే ఆ రోడ్లలో, చచ్చిన బ్యాటరీల ఆ సగం చాలదు. నాచారంలోనే ఉంటే చాలుతుంది. స్వర్ణలత ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. గదులెన్ని, నీళ్లొస్తాయా అని కాక, కింది వాటానా, వాకిట్లో ప్లగ్గు పెట్టుకోవచ్చా అని అడిగే కిరాయిదారును నాచారం ఇండ్లవాళ్లు అప్పటిదాకా చూడలేదు.

“కారుకు కరెంటా? వానల షాక్ కొడితే ఎవరు జిమ్మేదారు?” అన్నాడొకాయన. “మా గేదెలున్నయమ్మా, ముట్టుకుంటయ్,” అన్నది మరొకామె.

ఆమె ఖాళీ చేస్తున్నదన్న మాట చిల్కానగర్ వీధిలో పొక్కింది. వెంకటనర్సమ్మ గుమ్మంలో కూర్చుని కళ్లు ఒత్తుకుంది. నటించడం లేదు, నిజంగానే ఏడ్చింది. అదే స్వర్ణలతను ఎక్కువ కుంగదీసింది. ఎదురింటి సాలమ్మ గేటు దగ్గర ఆపి, “ఏమమ్మా, కన్నబిడ్డ లెక్క సాదితే గిట్లనా? ఒక్క ప్లగ్గు కోసం ఇల్లిడిసి పోతరా ఎవరన్న?” అని నిలదీసింది.

స్వర్ణలత చెప్పడం మొదలుపెట్టింది. ఇన్వర్టరు, లైను, ముగ్గుపిండి. చెబుతూండగానే ఆ మాటలు ఎంత చిన్నవిగా వినబడుతున్నాయో ఆమెకే తెలిసింది. సాలమ్మ ముఖంలో, జాలిపడి వినే మనుషుల ముఖంలో ఉండే ఓపిక కనిపించింది. మధ్యలోనే ఆపేసింది.

“అవునక్కా,” అన్నది. “ప్లగ్గు కోసమే.”

ఇల్లు చివరికి ఫ్యాక్టరీల వెనక సందులో దొరికింది. సాయంత్రమైతే పొగగొట్టాల వాసనకు కళ్లు మండుతాయి గనుక అక్కడ ఎవరూ ఎక్కువకాలం ఉండరు. యజమానురాలు శ్యామలమ్మ భీమవరం వైపు మనిషి. భర్త పోయాక ఇడ్లీపిండి రుబ్బి నాలుగు టిఫిన్ బండ్లకు వేస్తుంది. సామాను దించిన రోజే వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని కారు చుట్టూ తిరిగింది.

“భలే ఉందమ్మాయ్ నీ బండి. ఏం కావాలన్నా మొహమాటపడకు. నన్ను అమ్మ లాంటిదాన్ని అనుకో.”

“వద్దండి,” అన్నది స్వర్ణలత. అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. “కిరాయికున్నదాన్ని అనే అనుకోండి. నాకేమన్న కావాల్నంటే నేనే అడుగుత. మీకు కావాల్నంటే మీరూ అడగండి. అడగకుండ మటుకు...”

శ్యామలమ్మ కనుబొమలు పైకి లేచాయి. నొచ్చుకుందేమో తెలియలేదు. “సరే, అయితే అడిగేస్తున్నా,” అన్నది. “వంటింట్లో సాకెట్టు నిన్ననే కాలిపోయింది. పప్పు నాని ఉంది. నీ ప్లగ్గు కాసేపు ఇస్తావా, గ్రైండరు ఇక్కడ పెట్టుకుంటాను?”

అడిగితే ఒద్దంటుంటినా అని తాను అన్న మాటే ఇది. స్వర్ణలత వంగి, కారు ప్లగ్గు తన చేత్తోనే తీసింది. “పెట్టుకోండి,” అన్నది.

గ్రైండరు తిరగసాగింది. శ్యామలమ్మ నీళ్లు చిలకరిస్తూ, పిండి తోస్తూ, తన ఊరి సంగతులేవో చెబుతోంది. మధ్యలో కుర్చీ తెచ్చి వేసి, “కూర్చో అమ్మాయ్, ఇంకా సేపు పడుతుంది. లోపల సామాను సర్దుకోవాలేమో, నేను మళ్లీ పెట్టేస్తాలే,” అన్నది.

“ఫర్వాలేదండి.”

ఆమె లోపలికి వెళ్లలేదు, కుర్చీలోనూ కూర్చోలేదు. కారు ప్లగ్గు చేతిలో పట్టుకుని, కుడికాలి మీద బరువంతా వేసి, కారుకు ఆనుకుని, ఆ గ్రైండరు రాయి తిరగడం ఆగేదాకా అక్కడే నిలబడింది.